అడవిని పచ్చగా ఉంచేదెవరు?

అడవి ఎందుకు పచ్చగా ఉంటుంది? 1960లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ ప్రశ్న వేశారు. గొంగళిపురుగు మొదలు కోతి దాకా ఆకు తిని బతికే ప్రాణులు అడవి నిండా ఉన్నాయి. అన్నిటికీ ఆకలే. మరి అవన్నీ కలిసి చెట్లను మోడులు చెయ్యకుండా ఆపుతున్నదెవరు? హెయిర్‌స్టన్, స్మిత్, స్లోబోడ్కిన్ అయిదు పేజీల వ్యాసంలో తమ జవాబు చెప్పారు. ఆకులు తినేవాటిని వేటాడి తినే ప్రాణులు ఉండబట్టే లోకం పచ్చగా ఉందని.

చాలామంది ఒప్పుకోలేదు. చెట్టు తన్ను తానే కాపాడుకుంటుందని వాళ్ల వాదం. ఆకులో చేదు పెంచుకుంటుంది, విషం దాచుకుంటుంది. కంటికి పచ్చగా కనబడేదంతా నోటికి పనికొచ్చేది కాదు. రెండు మాటలూ సబబుగానే ఉన్నాయి. ఏది నిజమో తేలాలంటే వేటాడే జంతువులను తీసేసి, ఆపైన ఏం జరుగుతుందో చూడాలి.

సముద్రం ఒడ్డున ఆ పని చేసినవాడు రాబర్ట్ పెయిన్. 1963 నుంచి వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో ఒక బండమీది నక్షత్రచేపలను పెకలించి సముద్రంలోకి విసిరేస్తూ వచ్చాడు. వాటికి ఆహారమయ్యే ఆల్చిప్పలు బండంతా ఆక్రమించాయి. అక్కడున్న పదిహేను రకాల జీవుల్లో చివరికి ఎనిమిదే మిగిలాయి. కానీ అది చెయ్యి చాస్తే అందే బండ. ఉష్ణమండలపు మహారణ్యంలో జాగ్వార్లను, ప్యూమాలను, ఆకాశంలో తిరిగే హార్పీ గద్దలను ఏరెయ్యడం ఎవరి తరం?

ఈ చిక్కుముడి జీవావరణ శాస్త్రవేత్త జాన్ టెర్బోర్గ్‌ను వదల్లేదు. 1973 నుంచి ఆయన పెరూలోని మాను జాతీయవనంలో, కోచా కాషూ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ వచ్చాడు. అది జాగ్వార్లు స్వేచ్ఛగా తిరిగే నిండు అడవి. దానికి పోలికగా ఆయన చూపు పనామా మీద పడింది. పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు ఒక కొండ నీళ్ల మధ్య దీవిగా మిగిలింది. అదే బారో కొలరాడో. 1923 నుంచి దాన్ని కాపాడుతూ వచ్చారు, కానీ అంత చిన్నచోట జాగ్వార్లు స్థిరపడలేకపోయాయి. అక్కడ కోవాటీల్లాంటి మధ్యతరహా జంతువులు మానులో కంటే బాగా ఎక్కువని టెర్బోర్గ్ గమనించాడు. ఇక రుజువు దొరికినట్టేనని అనుకునేలోపే అభ్యంతరాలు మొదలయ్యాయి. రెండు చోట్లా నేల వేరు, వాన వేరు, చెట్లు వేరు. ఒక్క దీవిని చూపి అడవులన్నిటికీ సూత్రం ఎలా చెబుతారు? ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు.

ఆయనకు కావలసిన ప్రయోగాన్ని వెనెజువెలాలో ఇంజనీర్లు తమకు తెలియకుండానే సిద్ధం చేస్తున్నారు. ఒరినోకోలో కలిసే కరోనీ నది మీద గూరీ ఆనకట్ట పని 1963లో మొదలైంది. దాని విద్యుత్ సామర్థ్యం పదివేల మెగావాట్ల పైమాటే. నది ఎగువన అడవి నరికితే జలాశయంలో ఒండ్రు మేట వేస్తుంది. అందుకే 1962లో ఏర్పడిన కనైమా జాతీయవనాన్ని 1975లో ముప్ఫైవేల చదరపు కిలోమీటర్లకు పెంచారు. కరెంటు కోసం అడవిని కాపాడిన చోటే, అదే కరెంటు కోసం దిగువన నాలుగువేల చదరపు కిలోమీటర్లకు పైగా నేల మునిగింది. 1986కి జలాశయం నిండింది. మునిగిన కొండల శిఖరాలు వందలాది దీవులై తేలాయి. కొన్ని ఎకరం కూడా లేవు, కొన్ని వందల ఎకరాలు. అన్నిటిమీదా ఒకే రకం అడవి, అన్నిటికీ ఒకే వాన, ఒకే వయసు. పక్కనే పోల్చి చూసుకోవడానికి తెగిపోని ప్రధాన భూభాగం. కోరుకున్నా కట్టలేని ప్రయోగశాల అది.

1990ల మొదట్లో టెర్బోర్గ్ బృందం పడవలేసుకుని దీవి దీవికీ తిరగసాగింది. బృందంలో మన దేశం నుంచి వెళ్లిన పరిశోధకురాళ్లు కూడా ఉన్నారు. గజాలా షహాబుద్దీన్ సీతాకోకచిలుకల వెంట పడింది. మధు రావు ఆకులు కత్తిరించే చీమల పుట్టలు లెక్కపెట్టింది. తొలిచూపుకు దీవులు మామూలుగానే ఉన్నాయి. ఎత్తైన చెట్లు ఎప్పటిలాగే నిలబడి ఉన్నాయి. అసలు సంగతి బయటపడాలంటే తల దించుకుని నేల వెతకాలి, మొలకలకు గుర్తులు కట్టాలి, ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చి ఏవి మిగిలాయో చూడాలి.

ఆ ఓపిక ఫలించింది. చిన్న దీవుల మీద జాగ్వార్ లేదు, ప్యూమా లేదు. చీమల పుట్టలను తవ్వే అర్మడిల్లో కూడా లేదు. ఎలుకలు, అరుపుకోతులు, ఇగువానాలు, ఆకుచీమలు మాత్రం ప్రధాన భూభాగం మీదకంటే పది నుంచి నూరు రెట్లు కిక్కిరిసి ఉన్నాయి. పెద్ద చెట్ల కింద వాటి పిల్లమొక్కలు దాదాపు కనబడలేదు. తాతలున్న ఇంట్లో మనవలు లేనట్టు, చెట్లున్నాయి గానీ వాటి తర్వాతి తరం లేదు. 2001 నవంబరులో ‘సైన్స్’ పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. అడవి కుప్పకూలుతోందని దాని శీర్షికే చెప్పింది. ఎండకూ గాలికీ మొలకలు చచ్చి ఉండవచ్చన్న సందేహానికి కూడా ఆ తర్వాతి ఏళ్ల లెక్కలు బదులిచ్చాయి. 2002 నాటికి చిన్న దీవుల మీద లేతమొక్కలు పెద్ద అడవిలోని వాటిలో నాలుగో వంతుకు పడిపోయాయి. నోళ్లు పెరిగిన చోటే మొక్క తరిగింది. చెట్టు చేదు చెట్టుకు కొంత రక్ష అయితే కావచ్చు. మాంసాహారి లేకపోతే ఆ రక్ష చాలదని గూరీ తేల్చింది.

నలభై ఏళ్లకు దొరికిన ఈ జవాబు ఒక పాత అలవాటును ప్రశ్నిస్తుంది. ఆనకట్ట కట్టేటప్పుడు నీట మునిగే నేలనే ముంపు అంటాం. నీటిపైన పచ్చగా మిగిలిన దీవులను బతికినవాటి ఖాతాలో వేస్తాం. బ్రెజిల్‌లో 1987లో నిండడం మొదలైన బాల్బినా జలాశయంలో మూడున్నర వేలకు పైగా దీవులున్నాయి. అక్కడ జంతువులను లెక్కించినవారికి కూడా చిన్న దీవుల మీద పెద్ద జంతువులు చాలావరకు కనబడలేదు. ఏ నదీలోయలోనైనా అడవిని కాపాడాలంటే జాగ్వార్‌కు చాలినంత నేల ఒక్కముక్కగా ఉంచాలి. అంతకు తగ్గినదాన్ని, పచ్చగా కనబడుతున్నా, ముంపు లెక్కలోనే రాసుకోవాలి.