పొటోమాక్ నడుమ లంక

వాషింగ్టన్ నగరాన్ని ఆనుకునే, పొటోమాక్ నది నడుమ ఓ లంక ఉంది. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ స్మారకవనం. వర్జీనియా ఒడ్డు నుంచి కాలినడక వంతెన దాటితే చాలు, చిక్కటి అడవి! అబ్బ, ఏనాటిదో అనుకుంటాం కదూ? 1930లలో నాటించిన అడవి అది! అడవుల్ని కాపాడిన మనిషికి అడవే గుడి కావాలన్నారట.

మరి అంతకుముందో? జాన్ మేసన్ అనే షావుకారు బంగళా, తోటలు. చాకిరీ అంతా బానిసలది. తర్వాత అంతర్యుద్ధం. 1863లో నల్లజాతి సైనికుల పటాలం ఒకటి ఇక్కడే కవాతు నేర్చుకుంది. 1864లో బానిసత్వం వదిలించుకున్న కుటుంబాలు, కట్టుబట్టలతో వచ్చినవాళ్ళే ఎక్కువై ఉంటారు, ఇక్కడి శిబిరంలో తలదాచుకున్నాయి.

1967లో ఆవిష్కరించిన 17 అడుగుల కంచు రూజ్‌వెల్ట్ చెయ్యెత్తి నిలబడ్డాడు. చుట్టూ నిలువెత్తు రాతిపలకల మీద ప్రకృతి గురించీ, యువత గురించీ ఆయన మాటలే. గొప్ప మాటలే, కాదనను. కానీ ఆ తల్లుల మాట ఒక్కటీ ఆ పలకల మీద లేదు.

అందరూ విగ్రహం దగ్గర ఫొటోలు తీయించుకుంటున్నారు. నేను మాత్రం, ఆ ఆడవాళ్ళు పొయ్యిలు ఎక్కడ పెట్టుకున్నారో అని చెట్ల కింద చూసుకుంటూ తిరిగాను.