వాసుకి పడగ నుంచి మెట్రో పట్టా దాకా

జనవరి 4 వస్తోంది, నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ మీద ఏదైనా రాయమన్నారు సంపాదకులు. 1947లో ఆ రోజున ఢిల్లీలో నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. చెవికందని (అల్ట్రాసోనిక్) శబ్దతరంగాలను కొలిచే విభాగం అక్కడ ఉంది. అలాంటి శబ్దంతో ఇనుములో పగుళ్లనూ పట్టొచ్చు. అది గుర్తుకు రాగానే నా మనసు ల్యాబును వదిలేసి ఢిల్లీలోనే ఉన్న మెహ్రౌలీ ఇనుప స్తంభం దగ్గరికి పోయింది.

స్తంభం మీది శాసనంలోని ‘చంద్ర’ అనే రాజు రెండో చంద్రగుప్తుడేనని ఎక్కువమంది పండితుల మాట. అంటే దాని వయసు సుమారు 1,600 ఏళ్లు. ఆ తర్వాతి ఆరేడు వందల ఏళ్లను ఒక్క గంతులో దాటేద్దాం. తోమర రాజు అనంగపాలుడి దగ్గర మాత్రం ఆగాల్సిందే.

స్తంభం వాసుకి పడగ మీద దిగి ఉందని, అది కదలనంత కాలం రాజ్యమూ కదలదని ఓ బ్రాహ్మడు రాజుకు చెప్పాడట. రాజుకు అనుమానం. పెకలించి చూస్తే అడుగున నెత్తురు! గాభరాగా మళ్లీ పాతించాడు. ఎంత దిగ్గొట్టినా బిగుసుకోలేదు, రాజ్యమూ నిలవలేదు. నాకు తెలిసిన తనిఖీ కథల్లో ఇంత ఖరీదైనది ఇంకోటి లేదు.

తర్వాత వచ్చినవాళ్లూ తక్కువేం కాదు. దాదాపు నాలుగు మీటర్ల ఎత్తున ఫిరంగి గుండు తగిలిన గుంట ఉంది. నాదిర్‌షా పనే అంటారు. స్తంభం విరగలేదు గానీ, దెబ్బకు సరిగ్గా అవతలి వైపు అడ్డంగా బీటలు పడ్డాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పురావస్తువేత్త కనింగ్‌హామ్, పైన కనిపించే దానికంటే భూమిలో ఉన్నదే ఎక్కువని రాశాడు. తర్వాత తవ్విస్తే, నేల మట్టానికి ఇరవై అంగుళాల కిందే మొదలు తేలింది. వాసుకి జాడ లేదు.

పెకలించకుండా చూసే దారికి 1885లో భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ లెక్క కట్టి పెట్టాడు. ఘనపదార్థం పైపొరనే పట్టుకుని పాకే తరంగాల లెక్క అది. దాదాపు ఒక తరంగదైర్ఘ్యం లోతుకే పరిమితం, ఉక్కులో వేగం సెకనుకు సుమారు 3 కిలోమీటర్లు. దారిలో పగులు తగిలితే కొంత శబ్దం వెనక్కి తిరుగుతుంది. అది వచ్చిన సమయాన్ని బట్టి పగులెక్కడుందో తెలుస్తుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఫ్లాయిడ్ ఫైర్‌స్టోన్ శబ్దపు ప్రతిధ్వనులతో లోహపు లోపాలు పట్టే పరికరానికి 1940లో పేటెంటు అడిగాడు. కల్పాక్కం అణుపరిశోధన కేంద్రం శాస్త్రవేత్త బల్‌దేవ్ రాజ్ బృందం మన స్తంభాన్నీ అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షించి, 2005లో ‘కరెంట్ సైన్స్’లో ఫలితాలు ప్రచురించింది. అనంగపాలుడు ఓ వెయ్యేళ్లు ఆలస్యంగా పుట్టాల్సింది అనిపిస్తుంది!

ఇక్కణ్నుంచి కథ నా చేతిలో నిలవదు. మన భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ అల్ట్రాసోనిక్ తరంగాలతోనే స్ఫటికాల స్థితిస్థాపకతను కొలిచారు. 1961లో రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా ఢిల్లీ చేరారు. ఇటు పగుళ్లు వెతకడానికి రైలు పట్టాల మీద, తరంగాలు పంపే ప్రోబుల ట్రాలీ తోసుకుంటూ, ప్రోబుకూ పట్టాకూ మధ్య నీళ్లు వదులుతూ, స్క్రీన్ మీద గీతలు చూసుకునే సిబ్బంది ఉన్నారు. చలికి పట్టా కుంచించుకుని విరిగే ప్రమాదం ఎక్కువ కాబట్టి శీతాకాలంలో గస్తీ పెరుగుతుంది. పట్టా పైపొర పెచ్చులూడితే మరో చిక్కు: ఆ పెచ్చులే శబ్దాన్ని అడ్డుకుని, కింద దాగిన పెద్ద పగులును కనబడనివ్వవు. ఢిల్లీ మెట్రోలో తొలి రైలు 2002 డిసెంబరు 24న నడిచింది. అక్కడ పట్టాల పనికి రాత్రి ఆఖరి రైలుకూ తెల్లవారి మొదటి రైలుకూ మధ్య దొరికేది కొన్ని గంటలే.