చూపులేని బాటసారియు, దారిగుర్తులును

బాటసారికి సాయపడుట మనవా రనాదిగా ధర్మముగా నెంచిరి. చెట్లు నాటించుట, చలిపందిళ్లు వేయించుట, సత్రములు కట్టించుట యను సత్కార్యము లీ భావమునుండియే పుట్టినవి. దారి తప్పకుండ గుర్తులు నిలుపుటయు నట్టిదే. అయినను ఈ గుర్తులలో హెచ్చుభాగము కన్నులున్నవారికొరకే యేర్పడినవని మనలో నెందరు తలంచియుందురు?

మా నగరియే యిందుకు నిదర్శనము. ఇచటి కొండల శిఖర మొకటి ముక్కువలె ముందునకు పొడుచుకొని యుండును. ఆంగ్లేయులు దానికి ‘నగరి ముక్కు’ అని పేరిడిరి. సముద్రముపై బోవు నావికులకు అది గురుతుగా నుండెడిది. 1871 నాటికి చెన్నపట్టణమునుండి రాయచూరుదాక సాగిన యినుపదారి తిరుత్తణి, ఏకాంబరకుప్పము, పుత్తూరులమీదుగ నీ కొండల చెంతనే పోయినది. అంతట స్టేషనుల పేరుపలకలు వెలసినవి. కొండయైనను పలకయైనను కంటికే సంజ్ఞ చేయును.

తొలినాళ్ల ప్రయాణములలో చెవికిని కొంత చోటుండెడిది. బండి రాకకు స్టేషనులో గంట మ్రోగెడిది. బస్సులు వచ్చిన పిమ్మట “పుత్తూరు, తిరుపతి” యని క్లీనరు కేకలు వేసెడివాడు. ఆ కేక కొందరికి విసుగు కలిగించినను దానియం దొక సమత్వము కలదు. చదువురానివానికిని, చూపులేనివానికిని, పండితునకును అది యొక్క తీరుననే వినబడును. కాలక్రమమున కేక తగ్గి పలక హెచ్చెను. మెరయు నక్షరముల పలకలు వచ్చినవి గాని, వానిలో పెక్కు మూగవి. చూపులేనివాడు బస్సు వచ్చినప్పుడెల్ల ప్రక్కవాని నడుగవలెను. ప్రక్క నెవ్వరును లేనిచో బస్సు పోవును, అతడు నిలిచియుండును.

అక్షరమును వ్రేలికి చదువనేర్పిన కథ ఫ్రాన్సు దేశమునది. 1785 ప్రాంతమున వలంతీను హాయీ యను దయాళువు పారిసులో అంధులకు పాఠశాల స్థాపించి, కన్నులున్నవారి యక్షరములనే కాగితముపై నుబ్బెత్తుగా నచ్చొత్తించెను. అవి వ్రేలికి సులభముగా చిక్కలేదు. 1809లో జన్మించి, మూడవయేట తండ్రి తోలుపనిముట్టు గ్రుచ్చుకొని, పిదప రెండు కన్నులును గోల్పోయిన లూయీ బ్రెయిలీ యా పాఠశాలలోనే చదివెను. వ్రేలికి గీతకన్న చుక్క తెలివిడియని యతడు గ్రహించి, పదునేనవయేట ఆరు చుక్కల లిపిని కల్పించి, 1829లో ప్రకటించెను. దీనినుండి మనము నేర్వవలసిన దొకటి కలదు: అంధునకు మేలుచేయదలచినవాడు తన కంటితో గాక, ఆతని వ్రేలితో నాలోచింపవలెను. మగ్గముపై తెగిన పోగును వ్రేలికొనతో పట్టుకొను మా నగరి నేతవారి కీ మాట వేఱుగా చెప్పనక్కఱలేదు.

మనదేశమున 1887లో ఆనీ షార్పు అను నామె అమృతసరమున అంధుల పాఠశాల తెఱచెను. కాని చాలకాల మొక్కొక్కచోట నొక్కొక్క చుక్కలలిపి వాడుకలోనుండి, ఒకచోట చదివినది మఱొకచోట పనికిరాకుండెను. 1951లో ‘భారతీ బ్రెయిలీ’ కుదిరిన పిదప ఈ చిక్కు తీరినది. ఇందలి విశేషము మావంటి సరిహద్దు ఊరివారికే చక్కగా బోధపడును. నగరిలో తెలుగుబస్సును, తమిళబస్సును ఆగును. కన్నులున్న మనలో నెందఱో తమిళ ఫలకము నెదుట నక్షరజ్ఞానము లేనివారమే. భారతీ బ్రెయిలీలో నన్ననో తెలుగు ‘క’కును తమిళ ‘క’కును గుర్తొక్కటే: ఎడమవరుసలో మీది చుక్కయు, క్రింది చుక్కయు. కొన్ని విశేషాక్షరములు దక్క, ఊరిపేరు నే భాషలో పొడిపించినను ఆ లిపి నేర్చినవాడు కూడబలుకుకొనగలడు. కన్నులున్నవారిని విడదీసిన లిపులు చూపులేనివారి వ్రేలిక్రింద నొక్కటైనవి! అట్టి చుక్కలు మన నిలుపుచోటుల కానరాకుండుట యెంత వింత!

చదువుటకు వ్రేలు, నడచుటకు కాలు. జపాను దేశస్థుడు సెయిచీ మియాకే 1965లో ఉబ్బెత్తు పలకలను కనిపెట్టెను. 1967 మార్చి 18వ తేదీని ఒకాయామా పట్టణమున అంధుల పాఠశాల చేరువ వీధిలో నవి మొదట పఱువబడెను. పొడుగు గీతల పలక ‘సాగుము’ అనును. చుక్కల పలక ‘ఆగుము, జాగ్రత్త’ అనును. వాని పసుపువన్నె మందదృష్టి గలవారికిని తోడ్పడును. మన స్టేషనులలోను ఇవి వచ్చినవి. కాని పలకలపై సామానులు పేర్చినను, బండ్లు నిలిపినను, ఆ దారి దారి గాదు, అపాయము.

ఇక చట్టముల చరిత్ర. 1995నాటి వికలాంగుల చట్టము ప్లాటుఫారముల యంచులు చెక్కింపవలెననియు, కూడలులలో ధ్వనిసంజ్ఞ లుంచవలెననియు విధించినది. కాని ‘ఆర్థికశక్తికి లోబడి’ యను మాటను చేర్చినది. ఆ చిన్నమాట చాటున పెద్ద యుదాసీనత దాగెను. 2016లో క్రొత్త చట్టము వచ్చినది. 2005లో రాజీవ్ రతూరి వేసిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు, హైదరాబాదు నల్సారు విశ్వవిద్యాలయము వారి నివేదికను పరిశీలించి, 2024 నవంబరు 8వ తేదీని తీర్పు చెప్పినది: సౌకర్యములకు కొలతలు సలహాగా నుండుట చాలదు, తప్పనిసరి నియమములు మూడునెలలలో నేర్పఱుపవలెను. అనగా దయకు బదులు విధి వచ్చినది.

ఇది సాధ్యమా యని సందేహించువారు మైసూరును చూతురుగాక. 2015లో అనుప్రయాస్ అను సంస్థ యచటి స్టేషనులో బ్రెయిలీ ఫలకములను, తడిమి తెలిసికొను పటమును అమర్చినది. నిలిచిన బస్సు తన నంబరును తానే పలుకునట్లు ఢిల్లీ ఐ.ఐ.టి. వా రొక పరికరమును నిర్మించి, నగరములలో పరీక్షించిరి. పేరు పలుకు బస్సు, చుక్కలు గల కంబము, అడ్డులేని పసుపుదారి: ఇంతకుమించి యడిగినవా రెవరు?

చదువరులారా! చూపులేని కూతును బడికంపి చదివించిన తండ్రి, ఆమె యొంటరిగా బస్సెక్కి పనికి పోజాలదని యింట నునిచినచో, ఆ చదువు గడపదాటని దగును. ఆమెను ఆపినది కన్ను గాదు, మన మూగపలక. ఆమె ప్రక్కవారి జాలిని కోరలేదు. తన బస్సేదో తానే తెలిసికొనగోరినది. మన యూరి బస్సుస్టాండున మార్పులు చేయునప్పుడు ఈ ప్రశ్నను ముందుగా వేయుట మన పని. వేయునప్పుడు చూపులేనివారిని వెంట దోడుకొనిపోయి, వారి వ్రేలినే పరీక్షాధికారిగా నుంచుట మఱింత మంచిపని.