పెడల్ మీద పాదం
వాటర్‌గేట్ చరిత్రకారుల ప్రశ్న ఒక్కటే: తన మనుషులు చేసిన పని నిక్సన్‌కి తెలుసా, తెలిస్తే ఎప్పటినుంచి? నేను మాత్రం అతని సెక్రటరీ రోజ్ మేరీ వుడ్స్ దగ్గర ఆగిపోతాను.

1972 జూన్ 17న డెమోక్రాట్ల ఆఫీసులో దొంగలు పట్టుబడ్డారు. జూన్ 20న నిక్సన్, ముఖ్య సహాయకుడు హాల్డెమాన్ మాట్లాడుకున్న టేపులో 18½ నిమిషాలు ఒట్టి రొద. 1951 నుంచీ నిక్సన్ దగ్గరే పనిచేస్తున్న వుడ్స్, ఆ టేపు విని టైపు చేస్తూ ఫోను అందుకోబోయి పొరపాటున రికార్డు బటన్ నొక్కానని 1973 నవంబరులో కోర్టులో చెప్పింది. అదీ ఐదు నిమిషాల మేరకే. పాదం పెడల్ మీద, చెయ్యి వెనకెక్కడో ఫోను మీద. ఆ భంగిమలో ఆమె ఫొటో ఎగతాళి పాలైంది. అధ్యక్షుడికేం తెలుసన్న ప్రశ్న, ఆడమనిషి ఒళ్ళు అంతదూరం సాగుతుందా అన్న ప్రశ్నగా మారిపోయింది! కనీసం ఐదుసార్లు విడివిడిగా చెరిపారని 1974 జనవరిలో నిపుణులు తేల్చారు. ఎవరన్నది తేలనేలేదు.

అతనికి తెలుసన్నది జూన్ 23 టేపు బయటపెట్టింది. ఎఫ్‌బీఐ దర్యాప్తును సీఐఏ చేత ఆపించడానికి అతను ఒప్పుకోవడం అందులో వినిపిస్తుంది. 1974 ఆగస్టు 9న దిగిపోయాడు. సెప్టెంబరులో ఫోర్డ్ క్షమాభిక్ష పెట్టాడు, కేసే నడవలేదు. 2005లో చనిపోయిన వుడ్స్‌ని మాత్రం ఇప్పటికీ ఆ ఫొటోతోనే గుర్తుపడతారు.