చెదిరినవాళ్ళు నాటిన విశ్వాసం

టెక్కలి నుంచి పలాస మీదుగా సోంపేట వైపు వెళ్తుంటే జీడి, కొబ్బరి, పనస తోటల మధ్య చాలా ఊళ్ళలో చిన్న చిన్న ప్రార్థన మందిరాలు కనిపిస్తాయి. ఆదివారం పూట డోలకు, తాళాలతో అక్కడ పాడే పాత పాటలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలోవి. ఆ పుస్తకం తెరిస్తే పాటకు పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పాట రాసినవారి పేర్లలో పదే పదే కనబడేది పురుషోత్తమ చౌధరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆయన మనకు పొరుగువాడే. అప్పట్లో పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట అన్నీ ఒకే గంజాం జిల్లా. ఇంత లోతుగా తెలుగైపోయిన ఈ విశ్వాసం ఈ తీరానికి ఎలా చేరింది? ఆ దారి పొడవునా దాన్ని మోసినవాళ్ళలో చాలామంది, ఉన్నచోట నిలవనీయక తరిమేస్తే బయల్దేరినవాళ్ళే.

ఈ కథకు మొదలు యెరూషలేములో ఉంది. యేసు శిష్యుల తొలి సంఘం అచ్చంగా యూదుల సంఘం. బయటివాళ్ళను కలుపుకోవాలన్న తొందర దానికి లేదు. ఆ సంఘంలోని స్తెఫనును రాళ్ళతో కొట్టి చంపాక హింస మొదలైంది. అపొస్తలులు నగరంలోనే ఉండిపోగా మామూలు విశ్వాసులు చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయారు. వాళ్ళలో ఫిలిప్పు అనే ఆయన సమరయకు వెళ్ళాడు. యూదులకు సమరయులంటే సరిపడదు, అయినా వాళ్ళకే చెప్పాడు. కుప్ర, కురేనే ప్రాంతాలవాళ్ళు కొందరు అంతియొకయ చేరి, యూదులు కాని గ్రీకులతో మాట్లాడారు. శిష్యులకు క్రైస్తవులన్న పేరు వచ్చింది కూడా ఆ ఊళ్ళోనే. అంతియొకయలో ఆ మాట చెప్పినవాళ్ళ పేర్లు 'అపొస్తలుల కార్యములు' గ్రంథంలో సైతం లేవు. ఇల్లూ వాకిలీ వదిలి పరాయి ఊళ్ళో తలదాచుకున్నవాళ్ళకు పరాయివాళ్ళే ఇరుగుపొరుగయ్యారు. ఇక వాళ్ళతో కాక ఎవరితో చెప్పుకుంటారు?

చాలా శతాబ్దాల తర్వాత, మన ఉత్తరాంధ్రలో లండన్ మిషన్ పని 1805లో విశాఖపట్నంలో మొదలైంది. వచ్చినవాళ్ళు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి. ఈస్టిండియా కంపెనీకి మిషనరీలంటే గిట్టేది కాదు. 1813 చార్టరు వచ్చేదాకా కంపెనీ సీమలో వాళ్ళ ఉనికి దినదిన గండమే. 1806లో వేలూరు సిపాయిల తిరుగుబాటు తర్వాత ఆ అనుమానం ఇంకా ముదిరింది. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజి చనిపోయారు. అప్పటికే బ్రాహ్మణ మతం వదిలి వచ్చిన ఆనందరాయరు డెగ్రాంజి పక్కన కూర్చుని సువార్తలను తెలుగు చేశారు. వాటిలో మూడు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. మొత్తం కొత్త నిబంధన అదే మిషన్‌కు చెందిన ప్రిచెట్ అనువాదంగా 1818లో వచ్చింది. మిషనరీలు పోయినా మాట తెలుగులో మిగిలింది.

పురుషోత్తమ చౌధరి 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజుల్లో బ్రాహ్మణుడు మతం మారడమంటే జందెంతో పాటు ఇల్లు, బంధువర్గం, ఊళ్ళో పరువు వదులుకోవడమే. పంక్తి భోజనానికి పనికిరానివాడైన మనిషి ఊరూరా తిరిగే బోధకుడయ్యారు. 1890లో కన్నుమూసేదాకా పాటలు రాశారు. చిన్నప్పటి నుంచి చెవిలో పడిన రాగతాళాలను మాత్రం ఎవరూ లాక్కోలేకపోయారు. ఆయన వాటినే క్రీస్తు భజనకు వాడారు. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా విని నేర్చుకుని పాడగలిగారు.

ఇదే కాలంలో, 1836లో, అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే కొన్నాళ్ళు శ్రీకాకుళంలో ఉండి, మద్రాసు మీదుగా 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. 1853లో అమెరికాలో సభ కూర్చుని, ఈ మిషన్‌ను మూసేద్దామా అని చర్చించింది. మూయకపోవడమే మేలైంది. 1866లో అదే మిషన్ తరఫున జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ పెద్ద యెర్రగుంట్ల పేరయ్య తన మనుషుల మధ్య తానే తిరిగి చెప్పాడు. తర్వాత 1876-78 ధాత కరువు విరుచుకుపడింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు పట్టి కరువు జనానికి కూలి ఇచ్చాడు. కూటి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు పని ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ రేవులో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్ళలో దిగి, వంతులవారీగా 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

మన వైపు కెనడా బాప్టిస్టులు రావడానికి కూడా దెబ్బతిన్నవాళ్ళే కారణం. తెలుగువాడైన తామస్ గాబ్రియేలు టెలిగ్రాఫ్ ఉద్యోగం మానేసి కాకినాడలో సొంతంగా సేవ మొదలుపెట్టాడు. అప్పుల్లో కూరుకుపోయాడు. ఆ పనిని అందుకోమని ఆయన పెట్టిన మొరతోనే 1874లో జాన్ మెక్‌లారిన్ కాకినాడ వచ్చాడు. కెనడా తూర్పు తీరంవాళ్ళ సంగతి మరోలా ఉంది. వాళ్ళు కరెన్ జాతివారి కోసం సయాం వెళ్ళారు. అక్కడ తగినంతమంది లేరని తేలి ఆశ చెదిరింది. 1875లో తెలుగు తీరానికి మళ్ళి భీమునిపట్నంలో పని మొదలుపెట్టారు. బొబ్బిలి, శ్రీకాకుళం, తర్వాతి దశాబ్దాల్లో పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట వాళ్ళ కేంద్రాలయ్యాయి. శ్రీకాకుళంలో పనిచేసిన ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు ఆనక బర్మా వెళ్ళి, పొట్టచేత పట్టుకుని వలస వచ్చిన తెలుగు, తమిళ కూలీల మధ్య సేవ చేశారు. రంగం (రంగూన్) వలసలో మన తీరం ఎంతగా నలిగిందో ఇక్కడివాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రి ఆ కెనడా బాప్టిస్టుల పరంపరలోదే. అక్కడ పేదల చూపు కోసం డాక్టర్ బెన్ గలిసన్ పడుతున్న పాటు విని, కాల్గరీకి చెందిన ఆర్ట్ జెంకిన్స్ 1963లో 'ఆపరేషన్ ఐసైట్' సంస్థ మొదలుపెట్టాడు. సోంపేట ఆసుపత్రి నుంచి పుట్టిన ఆ సంస్థ తర్వాత ఎన్నో దేశాలకు విస్తరించింది.

ఇదంతా చదివి కష్టం మంచిదని అనుకుంటే పొరపాటు. ధాత కరువు లక్షల ప్రాణాలు తీసింది, స్తెఫను హత్య హత్యే. ఎవరి బాధనూ దేవుడి పథకమని తేలిగ్గా కొట్టిపారేసే హక్కు మనకు లేదు. కష్టంలో పడ్డవాళ్ళు పక్కవాడిని పరాయివాడిగా చూడలేదు, అదే ఈ కథలో పనిచేసిన శక్తి. ఊరి చివర, వెలివాడల్లో బతికినవాళ్ళకు, తన కులం తలుపు మూసేస్తే వచ్చి తమ పక్కన కూర్చున్న బోధకుడి మాట నమ్మబుద్ధేసింది.

దొరల పేర్లు మిషన్ నివేదికల్లో భద్రంగా ఉన్నాయి. టెక్కలి, పలాస, మందస, కవిటి వైపు కాలినడకన తిరిగిన తెలుగు బోధకుల పేర్లు, బైబిల్ చదివి వినిపించిన ఆడవాళ్ళ పేర్లు అంతగా నమోదు కాలేదు. సంఘాల్లో పాత బాప్తిస్మ రిజిస్టర్లు ఎక్కడున్నా చెదలు పట్టకముందే వాటిని నకలు తీయించాలి. పెద్దవాళ్ళకు గుర్తున్నది రాసి పెట్టాలి. అంతియొకయవాళ్ళ పేర్లు ఎలాగూ మనకు దక్కలేదు. మనవాళ్ళ పేర్లను దక్కించుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది, ఆ పని ఏ సంఘానికి ఆ సంఘం ఈ ఏడే మొదలుపెట్టాలి.