తుపాకి కడిగిన నీరు

పలనాటి కారెంపూడిలో కార్తిక మాసమున జరుగు వీరారాధన గుంటూరు సీమవారికి సుపరిచితము. పన్నెండవ శతాబ్దపు పలనాటి యుద్ధమున మడిసిన వీరుల పేర నిలిచిన ఆయుధములకు నేటికిని నాగులేటి నీట స్నానము చేయించి పూజింతురు. కత్తిని కడుగుట మనకు పూజలో నొక భాగము. తుపాకి విషయమున నట్లు కాదు. అచ్చట కడుగుట ప్రాణావసరము. చరిత్ర గ్రంథములు తుపాకి పేలిన కథనే చెప్పును. పేలిన పిమ్మట దానిని శుభ్రపరచిన చేతుల కథ చెప్పవు. ఆ రెండవ కథను మేమిచ్చట చెప్పబూనితిమి.

1788లో గుంటూరు సర్కారు కుంఫిణీవారి వశమైనప్పుడు వారి సిపాయీల భుజములపై నున్నవి చెకుముకి తుపాకులు. వానిలో మందును గొట్టపు మూతినుండియే పోయవలెను. మందుపై గుండు నుంచి, ఇనుప గజముతో దట్టింపవలెను. చెకుముకి రాతినుండి లేచిన రవ్వ, చెవి యనబడు సన్నని రంధ్రము గుండ లోనికి పోయి మందు నంటించును. ఆ నల్లమందులో ఇంచుమించు ముప్పాతిక పాలు సూరేకారము; తక్కినది బొగ్గును, గంధకమును. పాత ఊరిదిబ్బల మంటిని నీట కలిపి, వడగట్టి, కాచి మనవారు సూరేకారము తీసెడివారు.

ఈ మందు కాలినపుడు సగమునకు పైగా వాయువుగా మారక ఘనపదార్థముగనే మిగులును. అందు కొంత తెల్లని పొగతో వెలికి పోగా, తక్కినది మసియును లవణమునై గొట్టము లోపల పట్టుకొనును. ఆ లవణము గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినును. బాపట్ల, చీరాల వంటి సముద్రపు గాలి తగులు తావులందు ఒక్క రాత్రి యాలస్యమైనను తుప్పు పట్ట నారంభించును.

నూనె పూసిన చాలునని తెలియనివారు తలంతురు. లవణము నూనెలో కరుగదు, నీటిలో కరుగును. కావున మొదట నీరే కావలెను. అదియు వేడినీరైన మేలు. కొయ్య తడియకుండ గొట్టమును విడదీసి, గజము కొనకు నూలుగుడ్డ పీలిక చుట్టి, లోనికిని వెలికిని తోమవలెను. మొదట వచ్చు నీరు కాటుకవలె నల్లగా నుండి, కుళ్లిన గ్రుడ్డు వాసన వేయును. అది గంధకపు వాసన. నీరు తేటగా వచ్చువరకు విడువరాదు. వేడెక్కిన గొట్టము లోపలి తడి త్వరగా నారును. పిదప పొడిగుడ్డతో తుడిచి, చెవిని సూదితో శుభ్రపరచి, పలుచగా నూనె రాయవలెను. మరల మందు పోయుటకు ముందు ఆ నూనెను తుడిచివేయవలెను. లేనిచో మందు తడిసి నిప్పంటదు.

ఈ మసియే యొకసారి దేశచరిత్రలోనికి నడచివచ్చినది. 1853 నమూనా ఎన్‌ఫీల్డు రైఫిలు గొట్టము లోపల మెలితిరిగిన గాడులుండెను. వాని వలన గుండు గిరగిర తిరుగుచు సూటిగా, దూరముగా పోవును. కాని మసి పేరుకొన్న కొలది గుండు లోనికి దిగుట కష్టమగును. అందులకై తూటా కాగితమునకు కొవ్వు పూసిరి. ఆ కాగితమును సిపాయి పంటితో చింపవలెను. అది ఆవు కొవ్వనియు, పంది కొవ్వనియు వదంతి పుట్టెను. 1857 జనవరిలో, సిపాయీలు తమకు నచ్చిన మైనమో నూనెయో పూసికొనవచ్చునని ప్రభుత్వము అనుమతించినను, అప్పటికే నమ్మకము విరిగినది. మే 10న మీరటులో తిరుగుబాటు చెలరేగెను. మద్రాసు సైన్యము చాలవరకు అందు చేరలేదు. తిరుగుబాటునకు కారణము లనేకములు. అందు గొట్టము నుండి మసి తీయు చిన్న పని యొకటి యగుట మనము గమనింపదగినది.

తరువాత 1878 నాటి ఆయుధముల చట్టము తుపాకికి లైసెన్సును విధించెను. 1959 నాటి చట్టము సైతము, నిజముగా పంట కాపుదలకైన యెడల, మూతినుండి మందు దట్టించు తుపాకికి లైసెన్సు నిచ్చుటకు తావుంచినది. అయినను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి, అనుమతి లేక అడవిపందినైనను చంపరాదు.

ఇక నొక్క మాట. తాతలనాటి తుపాకి అటుకమీద కనిపించినచో, అది ఖాళీ యని తలంపరాదు. చూచినంత మాత్రమున మూతిమందు తుపాకిలో మందున్నదో లేదో తెలియదు. తేమ తగులని నల్లమందు నూరేండ్లు గడచినను శక్తి కోల్పోదు. దానిని గోకరాదు, పొయ్యి చెంతకు కొనిపోరాదు, మూతిని ఎవరి వైపునకును త్రిప్పరాదు, పిల్లల చేతి కీయరాదు. ఉన్నచోటనే యుంచి, పోలీసు ఠాణాకు తెలిపి, తెలిసినవారి చేతనే ఆ మందును తీయింపవలెను.

కాల్చినవాని పేరు చరిత్రలో నిలిచియుండవచ్చును. కాని ఆనాడు సాయంకాలము కుండెడు వేడినీటితో కూర్చుండి గొట్టము కడిగినవాడే, మరునాడు తన ప్రాణమును, తన ప్రక్కవాని ప్రాణమును కాపాడెను.