‘ఏజెన్సీ’ మాట వెనుక ఒక సైనికాధికారి

అరకు ఘాటు రోడ్డు ఎక్కితే ‘ఏజెన్సీలోకి వచ్చాం’ అంటాం. పాడేరులోనూ, సీతంపేటలోనూ అదే మాట. ఆ ఏజెంటు ఎవరని ఆరా తీసేవాళ్లు తక్కువ. మన్యం చరిత్ర అంటే మన పుస్తకాలు 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడిన రోజు దగ్గర మొదలుపెడతాయి. ఆ పోరాటం మీద నాకున్న గౌరవం తక్కువేమీ కాదు. కానీ అంతకు దాదాపు తొంభై ఏళ్ల ముందటి కథను వదిలేస్తే, సీతారామరాజు ఎదిరించిన పాలన ఎలా పుట్టిందో అర్థం కాదు.

ఆ కథలో ముఖ్యుడు శామ్యూల్ చార్టర్స్ మెక్‌ఫర్సన్. 1806లో స్కాట్లాండులో పుట్టాడు. న్యాయశాస్త్రం చదువుతూ వదిలేసి 1827లో మద్రాసు సైన్యంలో చేరాడు, కొలతల సర్వేలో పనిచేశాడు. ఆయన తర్వాత పనిచేసిన కొండల్లో పోరు ముందే మొదలైంది. 1835లో గంజాం జిల్లాలోని గుంసూరు రాజు ధనంజయ భంజ్ పేష్కషు (కప్పం) బకాయిపడి కొండలెక్కాడు. అక్కడి గిరిజనులైన కోదులు ఆశ్రయమిచ్చారు. కంపెనీ సైన్యం వెంటపడింది. రాజు చనిపోయినా దొర బిసోయి నాయకత్వంలో పోరు 1837 దాకా సాగింది. నరబలి సంగతి తెల్లవాళ్లకు వివరంగా తెలిసింది ఈ యుద్ధంలోనే. అంటే బకాయిల కోసం కొండెక్కినవాళ్లకు బలి తర్వాత కనబడింది. ఈ వరుస గుర్తుంచుకోవాలి. కమిషనరుగా వచ్చిన జార్జి రస్సెల్ నివేదికల ఫలితమే 1839 నాటి 24వ చట్టం. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండసీమలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా కూర్చోబెట్టింది. మన ‘ఏజెన్సీ’ అదే.

మెక్‌ఫర్సన్ గురించి రెండు కథనాలున్నాయి. ఇంగ్లీషు జీవితచరిత్రలకు ఆయన నరబలి మాన్పించిన దయామయుడు. ఇటీవలి విమర్శకులకు నరబలి అనేది కొండలను ఆక్రమించడానికి దొరికిన సాకు. నాకు రెండూ పలచగానే తోస్తాయి. బలి కల్పన కాదు. భూదేవత తారి పెన్నుకు ‘మెరియా’ను సమర్పించేవారు. ఆ మనిషిని వెల ఇచ్చి కొనితీరాలి. పల్లపు ఊళ్ల నుంచి పిల్లల్ని తెచ్చి అమ్మేవారిలో పాణో కులస్థులు ముఖ్యులు. రక్తం పడకపోతే పసుపుకు రంగు రాదని నమ్మకం. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఏనుగు తల ఆకారంలో ఉన్న బలిస్తంభం ఇప్పటికీ ఉంది. అదే సమయంలో, బలి మాన్పడం పేరుతో ఊళ్లు తగలబడ్డాయన్నదీ కల్పన కాదు.

అసలు వివాదం 1845 నుంచి 1847 వరకు. 1845లో ప్రత్యేక చట్టంతో మద్రాసు, బెంగాలు రెండు వైపుల కోదు కొండలనూ కలిపి, మెక్‌ఫర్సన్‌ను గవర్నరు జనరలు ఏజెంటుగా నియమించారు. అంతకుముందు గుంసూరు కొండల్లో ఆయన పట్టు సాధించింది తుపాకీతో కాదు, తగవులు తీర్చి. ఏళ్ల తరబడి నెత్తురు పారిస్తున్న భూతగాదాలకు తీర్పు చెప్పాడు; న్యాయం దొరుకుతుందంటే బలి మానుకోవడానికి కొన్ని ముఠాలు ఒప్పుకున్నాయి. 1846 తొలినాళ్లలో బౌద్ సంస్థానం వైపు వెళితే కొద్దిరోజుల్లోనే సుమారు 170 మంది మెరియాలను అప్పగించారు. ఇంతలో బిసిపడా దగ్గర ఆయుధాలతో జనం ఆయన విడిదిని చుట్టుముట్టారు. ప్రాణాలకు హామీ తీసుకుని మెరియాలను బౌద్ రాజుకు తిరిగి అప్పజెప్పాడు. తిరుగుబాటు గుంసూరుకు పాకింది. దొర బిసోయి వంశీకుడు చక్ర బిసోయి దానికి ముందు నిలిచాడు.

ఎందుకిలా తిరగబడ్డారు? మెక్‌ఫర్సన్ తన కింది పెద్ద శ్యామ్ బిసోయి కుట్ర అన్నాడు. ప్రత్యర్థి జాన్ క్యాంప్‌బెల్ దాన్ని మెక్‌ఫర్సన్ వైఫల్యం కింద కట్టాడు. మూఢనమ్మకం అన్నవాళ్లూ ఉన్నారు. నా దృష్టిలో కొండ మీద పాకిన ఒక మాటే అసలు కారణం: మెరియాలను తీసుకెళ్లాక సర్కారు భూమి కొలిచి శిస్తు వేస్తుంది, వెట్టికి పట్టుకుపోతుంది. కోదు దృష్టిలో ఇది పుకారు ఎలా అవుతుంది? పదేళ్ల కిందట శిస్తు బాకీ కోసమే గుంసూరు రాజ్యం పోవడం వాళ్లు కళ్లారా చూశారు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మనకున్న ఆధారాల్లో ఎక్కువ భాగం పక్షపాతంతో రాసినవే. మెక్‌ఫర్సన్ కాగితాలను 1865లో అచ్చు వేయించింది ఆయన తమ్ముడు. క్యాంప్‌బెల్ తన గొప్ప తానే రాసుకున్నాడు. మెక్‌ఫర్సన్ కోదుల మతాన్ని బూరా పెన్ను వర్గం, తారి వర్గం అని నీటుగా విడదీసిన తీరును తర్వాతి పరిశోధకులు నమ్మలేకపోయారు. ఆయన దుబాసీల మీదే ఎక్కువగా ఆధారపడ్డాడు. భూమి గురించిన భయం మాత్రం ఇరుపక్షాల రాతల్లోనూ కనిపిస్తుంది. అందుకే దానికి ఎక్కువ విలువిస్తాను.

1847లో జనరల్ డైస్ ఫిర్యాదుతో మెక్‌ఫర్సన్‌ను తప్పించి క్యాంప్‌బెల్‌ను కూర్చోబెట్టారు. విచారణ జరిపిన జాన్ పీటర్ గ్రాంట్ మెక్‌ఫర్సన్‌ను నిర్దోషిగా తేల్చాడు. కొండల పదవి మాత్రం తిరిగి రాలేదు. 1861లో ఆ ప్రత్యేక ఏజెన్సీని మూసేనాటికి సుమారు 1,500 మంది మెరియాలను విడిపించారని లెక్క. చక్ర బిసోయి పట్టుబడనేలేదు.

భోపాల్ మీదుగా 1854లో మెక్‌ఫర్సన్ గ్వాలియరుకు రాజకీయ ఏజెంటయ్యాడు. 1857 జూన్‌లో అక్కడి కంటింజెంట్ సిపాయిలు తిరగబడితే ఆగ్రాకు తప్పించుకున్నాడు. అక్కడి నుంచే ఉత్తరాలతో జయాజీరావు సింధియాను, దివాను దినకరరావును కంపెనీ వైపు నిలబెట్టాడు. ఈ రాజనీతిని పుట్టుకతో వచ్చిన నేర్పుగా చూపిస్తారు. నేనలా అనుకోను. స్థానిక పెద్ద మాట చెల్లకపోతే ఏమవుతుందో ఆయనకు బిసిపడాలో తెలిసింది. సింధియాకూ దివానుకూ మధ్య ఆయన అంత ఓపిగ్గా నడిచింది అందుకే. 1860లో కలకత్తాలో చనిపోయాడు.

1839 నాటి ఆ చట్టపు వారసత్వం మన మీద ఇంకా ఉంది. మామూలు చట్టం వర్తించని ప్రత్యేక ప్రాంతమన్న ఆలోచన 1874, 1917 చట్టాల మీదుగా రాజ్యాంగం ఐదో షెడ్యూలు దాకా, గిరిజన భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే మన 1/70 నిబంధన దాకా వచ్చింది. రక్షణగా మారాక దాని విలువ పెరిగింది. 1997లో అనంతగిరి మండలం గనుల లీజుల మీద సమతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అందుకు సాక్ష్యం. అయినా నా మనసు కుదుటపడదు. ఏజెంటు చేతిలో పెట్టిన రక్షణ, ఏజెంటు కళ్లు మూసుకుంటే మాయమవుతుంది. అరకు చుట్టూ బినామీ పేర్లతో లేచే విడిది గృహాలు చూడండి. మెక్‌ఫర్సన్ కొండ ఎక్కి అక్కడికక్కడే భూతగాదా తీర్చాడు. నేడు 1/70 కేసుకు ప్రత్యేక కోర్టు ఉంది, కొన్ని కేసుల్లో తీర్పు గిరిజనుడి పక్షాన వస్తుంది. చాలాసార్లు ఆ భూమిలో నాగలి పెట్టే రోజు మాత్రం రాదు.